విరేచనాల మాత్రతో వచ్చిన గండం

చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం నా గుండెలో మైట్రల్ వాల్వు అనే కవాటాన్ని పాడు చేసింది. దాని స్థానంలో మెకానికల్ వాల్వు పెట్టారు. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరికీ జరిగినట్టే జరిగింది. వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా బతికినన్నాళ్ళూ ఎసిట్రోమ్ అనే మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే పరీక్ష అంకె 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మొన్న వేసవిలో పెళ్ళి భోజనం పడక విరేచనాలు పట్టుకున్నాయి. మా వీధి చివరున్న క్లినిక్‌కి వెళ్ళి, నా వాల్వు, ఎసిట్రోమ్ వివరాలు రాసున్న కార్డు డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఆపరేషనై ఇన్నేళ్ళయింది కదమ్మా, ఇంకా దీన్నే పట్టుకు తిరుగుతారేంటి?" అని నవ్వి, విరేచనాలకి మెట్రోనిడజోల్, ఒంటి నొప్పులకి డైక్లోఫెనాక్ రాశారు. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

ఆ మాత్రలు అయిపోవస్తుండగా ఒక రాత్రి నోట్లో ఉప్పగా తగిలి మెలకువ వచ్చింది. లైటు వేస్తే దిండు గలీబు మీద అరచెయ్యంత రక్తం. చిగుళ్ళలోంచి కారుతోంది. ఎంత పుక్కిలించినా ఆగదు. ఏ దెబ్బా తగలకుండానే మోచెయ్యి కమిలిపోయి ఉంది. బాత్రూముకి వెళ్తే విరేచనం తారులా నల్లగా అయింది. మా వారు ఆటో కోసం పరిగెత్తారు. నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. చుట్టూ చప్పుడు లేనప్పుడు నా వాల్వు టిక్కు టిక్కుమనడం నాకు వినిపిస్తుంది. ఆ రాత్రి దాని వేగానికి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. పానకాల స్వామీ, పిల్లది ఇంకా ఇంటర్ కూడా దాటలేదు, నన్ను ఉంచు తండ్రీ అని మొక్కుకున్నాను.

పెద్దాసుపత్రిలో చూస్తే ఐఎన్ఆర్ 9 దాటింది. అక్కడి డాక్టర్లకి రెండు వైపులా భయమే. విటమిన్ కె ఎక్కువిస్తే వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, ఇవ్వకపోతే రక్తం ఆగదు. ప్లాస్మా ఎక్కించి, విటమిన్ కె కొద్ది మోతాదులో ఇచ్చి, గంట గంటకీ వచ్చి చూశారు. వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

మా ఆడపడుచు మాత్రం "గోంగూర తిన్నావా వదినా?" అని ఒకటే ఆరా. అప్పుడే అక్కడికి వచ్చిన ఫార్మసిస్టు అమ్మాయి ఆ మాట విని, "ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది ఆంటీ, తింటే ఐఎన్ఆర్ తగ్గుతుంది గానీ పెరగదు. ఈ మధ్య కొత్తగా ఏం మాత్రలు వేసుకున్నారు?" అని నా సంచీలోని స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచింది. మెట్రోనిడజోల్ మీద వేలు పెట్టి, "ఇది లివరులో ఎసిట్రోమ్‌ని విరగనివ్వదు. అందుకే రోజూ వేసుకునే డోసే ఒంట్లో పేరుకుపోయింది" అంది. విరేచనాలతో తిండి లేకపోవడం, కడుపు పొరని దెబ్బతీసే డైక్లోఫెనాక్ కూడా దానికి తోడయ్యాయట. ఒక్క ప్రశ్న అడిగి అసలు సంగతి పట్టుకుంది, బంగారు తల్లి.

కోలుకున్నాక మా వారు రిపోర్టులు తీసుకుని ఆ క్లినిక్‌కి వెళ్తే, "అందరికీ అలా అవదండీ" అన్నారట. అందరికీ అవకపోవచ్చు. కార్డు చదవడానికి అర నిమిషం పట్టేది! నా ప్రాణానికి ఆ అర నిమిషం విలువ కూడా లేదా?

ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడేవాళ్ళు గోంగూర, తోటకూర మానక్కర్లేదు, ప్రతి వారం ఇంచుమించు ఒకే కొలతలో తినండి. ఎవరో చెప్పారని ఉన్నట్టుండి మునగాకు పొడి మొదలుపెట్టకండి. ఫంగస్‌కిచ్చే ఫ్లుకోనజోల్, యూరిన్ ఇన్ఫెక్షన్‌కిచ్చే కోట్రైమోక్సజోల్ కూడా ఐఎన్ఆర్‌ని పెంచేస్తాయి. ఏ కొత్త మాత్ర రాసినా "ఇది ఎసిట్రోమ్‌తో పడుతుందా?" అని డాక్టరునీ, మెడికల్ షాపులో ఫార్మసిస్టునీ ఇద్దర్నీ అడగండి. తప్పనిసరై వేసుకోవాల్సి వస్తే ఐఎన్ఆర్ మళ్ళీ ఎప్పుడు చేయించాలో అప్పుడే చెప్పించుకోండి. నోట్లో రక్తం పడినా, విరేచనం నల్లగా అయినా, తలకి దెబ్బ తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.