మా తమ్ముడు సంతకం పెట్టిన తొమ్మిది పేజీలు

పోయిన కార్తీకమాసంలో మా చిన్నాన్న కొడుకు రాజమండ్రి స్టేషన్‌లో దిగేసరికి ఎడమ చెయ్యి మెడకి వేలాడదీసిన గుడ్డలో ఉంది. బైక్ మీద తీసుకెళ్దామని వెళ్లినవాణ్ణి, చూడగానే గుండె జారిపోయి కారు మాట్లాడాను. జొన్నాడ దాటి గోదారి బ్రిడ్జి ఎక్కేదాకా వాడు నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం, "అన్నయ్యా, అమ్మకి బైక్ మీంచి పడ్డానని చెప్పు" అన్నాడు.

పడింది బైక్ మీంచి కాదు. రెజ్లింగ్ రింగ్‌లో. అవతలివాడు భుజం మీదకి ఎత్తుకుని కింద వెయ్యబోతూ కాలు జారాడు, వీడు వీపు మీద పడాల్సింది భుజం మీద పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఇంకో ఇద్దరు రెజ్లర్లు, బిల్లు కట్టింది వీడితో కలిపి ముగ్గురూ చందా వేసుకుని. కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. మర్నాడు ఫోన్ చేస్తే "అగ్రిమెంట్ ఆరో పేజీ చూసుకో" అన్నారట.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. కానీ ఆ అగ్రిమెంట్ గురించి రాయాలి, ఎందుకంటే మా వాడి వయసు కుర్రాళ్లు అమలాపురం, భీమవరం, పాలకొల్లు జిమ్ముల్లో ఎంతమంది ఇదే కల కంటున్నారో నాకు తెలుసు.

మా తరం పిల్లలకి రెజ్లింగ్ అంటే టెన్ స్పోర్ట్స్ ఛానెల్, జేబులో రెజ్లర్ల బొమ్మల కార్డులు. గుర్తుందా ఆ కార్డులు? ఛాతీ ఎంత, కండ ఎంత, ర్యాంకు ఎంత అని అడిగి ఒకళ్ల కార్డులు ఒకళ్లం లాక్కునేవాళ్లం. అండర్‌టేకర్ కార్డు ఉన్నవాడంటే క్లాసులో మర్యాద. 2007లో మన దేశపు రెజ్లర్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయినప్పుడు మా వీధిలో బాణసంచా కాల్చారు. అయితే ఆ టీవీలోనే ప్రతి వారం ఒకతను వచ్చి రెండు నిమిషాల్లో ఓడిపోయి వెళ్లేవాడు, అతని పేరు కూడా సరిగ్గా చెప్పేవాళ్లు కాదు, అతనికి కార్డు లేదు. జాబర్ అంటారు అలాంటివాళ్లని. ఎదుటివాడు గొప్పగా కనబడాలంటే ఎవరో ఒకరు బాగా ఓడిపోవాలి, బాగా ఓడిపోవడం చాలా కష్టమైన పని. మా తమ్ముడు చేసింది ఆ పనే.

"అదంతా ఉత్తుత్తిదే కదా" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. గెలుపోటములు ముందే రాసిపెట్టినవి. పడటం మాత్రం నిజం. రింగ్ కింద ఉండేది ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, ఆ పైన కాన్వాస్. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు డాబా మీద పాత పరుపు వేసి నాకు చూపించాడు, గడ్డం గుండెకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం కొట్టుకుంటుంది, రెండు చేతులూ చాపి అరచేతులతో నేలని చరచాలి, పడే క్షణానికి ఊపిరి వదిలేయాలి. ధన్‌మని పడ్డాడు, పరుపు మీదే. కింద వంటింట్లోంచి మా పిన్ని ఏమైందిరా అని పరిగెత్తుకొచ్చింది. అలా ఒక రోజు ట్రైనింగ్‌లో యాభైసార్లు పడేవాణ్ణని చెప్పాడు.

ఇప్పుడు ఆ తొమ్మిది పేజీలు. అంతా ఇంగ్లీషు. ముందు ట్రైనింగ్ ఫీజని 80,000 కట్టించుకున్నారు, పిన్ని గొలుసు తాకట్టు పెట్టి కట్టింది. ఆ తర్వాత మూడేళ్ల ఒప్పందం. మ్యాచ్‌కి 1,500 రూపాయలు, మ్యాచ్ లేకపోతే ఏమీ లేదు, నెలకి ఇన్ని మ్యాచ్‌లు ఇస్తామన్న మాట ఎక్కడా లేదు. రైలు ఖర్చు, బూట్లు, మోకాలి ప్యాడ్లు, డ్రెస్సు సొంతం. ఈ మూడేళ్లూ వేరే ఎవరి దగ్గరా ఆడకూడదు. రింగ్‌లో పెట్టిన పేరు కంపెనీది. మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలి. ఆరో పేజీలో, దెబ్బ తగిలితే కంపెనీకి ఏ సంబంధమూ లేదు, ఎందుకంటే రెజ్లర్ ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్. 14 నెలల్లో 31 మ్యాచ్‌లు ఆడాడు. లెక్కప్రకారం 46,500 రావాలి, చేతికొచ్చింది 33,000.

స్వతంత్రం అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. మా పక్కింటి దింపు కార్మికుణ్ణి, అంటే కొబ్బరికాయలు దింపేవాణ్ణి చూడండి. చెట్టుకింత అని తీసుకుంటాడు, కత్తి అతనిది, తాడు అతనిది, ఇవాళ మీ తోటకి రాను అంటే రాడు, రేపు ఇంకొకరి తోటలోకి వెళ్తాడు, ఎవరూ అడగరు. కష్టమైన బతుకే, పడితే అతన్ని ఆదుకునేవాడూ తక్కువే, అయినా అది తన ఇష్టం మీద నడిచే పని. మా తమ్ముడికి ఏ ఊరు వెళ్లాలో, ఎన్ని గంటలకి రావాలో, ఏ పేరు పెట్టుకోవాలో, జుట్టు ఎలా ఉండాలో, ఎవరి చేతిలో ఎన్నో నిమిషంలో ఓడిపోవాలో అన్నీ కంపెనీయే చెప్పింది. మరి వైద్యం ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వతంత్రుడైపోయాడు.

ఇది చిన్న కంపెనీల సంగతే అనుకునేవాణ్ణి. తవ్వితే ఈ మాట పుట్టిన చోటే అలా ఉంది. మేం టీవీలో చూసిన అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ కూడా తన రెజ్లర్లని స్వతంత్ర కాంట్రాక్టర్లనే అంటుంది. రింగ్‌లో తగిలిన దెబ్బలకి వైద్యం చేయిస్తుంది, అది ఒప్పుకోవాలి, కానీ సొంత హెల్త్ ఇన్సూరెన్సు వాళ్లే చూసుకోవాలి. 2008లో రావెన్, కన్యన్, మైక్ శాండర్స్ అని ముగ్గురు మాజీ రెజ్లర్లు, మమ్మల్ని ఉద్యోగుల్లా వాడుకుని కాంట్రాక్టర్లని రాశారంటూ కోర్టుకి వెళ్లారు. మరుసటి ఏడాది కేసు కొట్టేశారు, అసలు విషయం మీద విచారణ దాకా రానేలేదు. అంతకు ముందు 1986లో, వాళ్ల పెద్ద షో రెజిల్‌మేనియా రెండోసారి జరగబోయే ముందు, జెస్సీ వెంచురా అనే రెజ్లర్ డ్రెస్సింగ్ రూమ్‌లో యూనియన్ పెట్టుకుందామన్నాడు. ఆ మాట అప్పటి యజమాని విన్స్ మెక్‌మాన్ చెవిలో వేసింది పెద్ద స్టార్ హల్క్ హొగన్ అని, తర్వాత వేరే కేసులో సాక్ష్యాలు తీసుకుంటున్నప్పుడు వెంచురాకి తెలిసింది. పైనున్న స్టార్‌కి కిందివాళ్ల యూనియన్‌తో పనిలేదు, ఈ చరిత్ర అంతా చదివాక నాకు ఎక్కువ బాధనిపించింది అదే.

2020 ఏప్రిల్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు కరోనా పేరు చెప్పి ఒక్కరోజులో చాలామందిని తీసేశారు. ఆ ఏడాది కంపెనీ ఆదాయం దాదాపు 97 కోట్ల డాలర్లు, అప్పటిదాకా అంత ఎప్పుడూ రాలేదు. అదే ఏడాది రెజ్లర్లు ట్విచ్, క్యామియో లాంటి ఆన్‌లైన్ వీడియో సైట్లలో సొంతంగా సంపాదించుకోవడం ఆపమన్నారు. నవంబరులో జెలీనా వేగా అనే రెజ్లర్ యూనియన్‌ని సమర్థిస్తున్నానని ట్వీట్ చేసింది, ఆ రోజే ఆమెని తీసేసినట్టు ప్రకటన వచ్చింది. మరుసటి ఏడాది మళ్లీ తీసుకున్నారు, అది వేరే సంగతి.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ షో అయినప్పుడు మేమిద్దరం బస్సులో వెళ్లాం. గచ్చిబౌలి స్టేడియం మీద మన కోనసీమ బిడ్డ బాలయోగి గారి పేరు చూసి తమ్ముడు ఎంత పొంగిపోయాడో. ఆ రోజు మన దేశపు రెజ్లర్ షాంకీ, దాదాపు ఏడడుగుల మనిషి, ఛాంపియన్ గుంథర్‌తో టైటిల్ కోసం ఆడాడు. ఓడిపోయాడనుకోండి, హాలంతా అతని పేరే అరిచింది. సరిగ్గా 13 రోజులకి, సెప్టెంబరు 21న, తీసేసినవాళ్ల లిస్టులో అతని పేరు ఉంది. ఫోన్‌లో ఆ వార్త నాకు చూపించింది మా తమ్ముడే. అప్పటికే వాడు 80,000 ఎలా సర్దాలా అని లెక్కలేసుకుంటున్నాడు. నేను గట్టిగా ఆపాల్సింది, ఆపలేదు.

అమలాపురం దసరాల్లో చెడీ తాలింఖానా చూసినవాళ్లకి తెలుసు, మన దగ్గర కూడా కుర్రాళ్లు కర్రలు తిప్పుతారు, కళ్లకి గంతలు కట్టుకుని మనిషి మీద పెట్టిన కొబ్బరికాయ కత్తితో కొడతారు. దానికి జీతం లేదు, కాగితం లేదు. కానీ ఎవడికైనా గీత పడితే వీధి వీధంతా పరిగెత్తుకొస్తుంది. మా వాడు పెరిగింది అందులో. తొమ్మిది పేజీల కాగితం రాసుకున్నవాళ్లు ఇంకా బాగా చూసుకుంటారని నమ్మి సంతకం పెట్టాడు.

సంక్రాంతి వెళ్లాక ఆ కాగితాలు మాకు తెలిసిన ప్లీడరు గారికి చూపించాం. ఆయన పెన్సిల్‌తో గీతలు గీస్తూ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనివ్వకుండా కట్టేసే షరతు చెల్లదు. ఒప్పందం నడుస్తున్నన్నాళ్లూ మా దగ్గరే ఆడు అనడం వేరు, గడువు అయిపోయాక కూడా ఆపుతామంటే కుదరదు. ఇక ఆ రెండు లక్షలు, 74వ సెక్షన్ కింద కాగితం మీద ఎంత రాసుకున్నా కోర్టు న్యాయంగా అనిపించినంతే ఇప్పిస్తుంది, రాసిన అంకె దాటి ఇప్పించదు, అంతే తప్ప రాశారు కాబట్టి మొత్తం కట్టాలని లేదు. మా తమ్ముడు ఏడాది పాటు నిద్రలేకుండా టెన్షన్ పడింది ఆ అంకె చూసే.

బాకీ 13,500కీ, ఆసుపత్రి బిల్లుకీ కలిపి నోటీసు పంపాం. జవాబు ఇంకా రాలేదు. పిన్నికి నిజం చెప్పేశాం, రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు వాడి చెయ్యి పట్టుకుని "ఎవడ్రా నిన్ను పడేసింది" అని అడిగింది. పడేసినవాడే ఆసుపత్రికి తీసుకెళ్లాడమ్మా అన్నాడు వీడు, బిల్లులో వాటా కూడా వేశాడని చెప్పాడు.

మీ ఇంట్లోగానీ, మీ జిమ్‌లోగానీ ఇలాంటి కాగితం ఎవరి చేతికైనా వచ్చి ఉంటే, సంతకం పెట్టకముందు ఆ పేజీల ఫొటోలు తీసి నాకు పంపండి. ప్లీడరు గారు ఫీజు లేకుండా చదివి చెప్తానన్నారు, ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉంటారు.