ఇరవై నెలల బాబు ఆకలి లెక్క: ఆరు వారాల నోటు పుస్తకం

మా బాబుకు 20 నెలలు నిండాయి, బరువు 11.2 కిలోలు. పొద్దున్న కళ్లు తెరిచింది మొదలు రాత్రి నిద్రలోకి జారుకునే వరకు వాడి నోట వినబడేది "బువ్వ" అన్న ఒక్క మాటే. తిన్న గిన్నె కడగకముందే మళ్లీ వచ్చి నా చేయి పట్టుకుని వంటింటి వైపు లాగుతాడు. వాడికి చాలినంత పెట్టలేకపోతున్నానా, లేక అడిగినప్పుడల్లా పెట్టి అతిగా తినిపిస్తున్నానా అన్న దిగులు నెల రోజులుగా నన్ను వదలలేదు. ఏ విషయాన్నైనా తూచి, రాసి, లెక్క చూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన వ్యాపకం కనుక ఈ దిగులును కూడా నోటు పుస్తకంలోకే దించాను. ఆరు వారాల్లో తేలినది ఇది.

మొదటి వారం: ఏమీ మార్చకుండా తూచడం

ఒక్క గ్రాము తేడాను కూడా చూపే చిన్న డిజిటల్ త్రాసు, గీతల నోటు పుస్తకం, పెన్సిలు, ఇంతే సరంజామా. ఖాళీ గిన్నెను త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేసి, వడ్డించిన తరువాత బరువు రాసుకోవాలి. బాబు తినడం అయ్యాక గిన్నెలో మిగిలినదాన్ని మళ్లీ తూచి తీసివేయాలి. మొదటి రోజు నేను చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. మధ్యాహ్నం 110 గ్రాముల అన్నం, పప్పు కలిపి పెట్టాను, గిన్నె ఖాళీ అయింది, మొత్తం తిన్నాడని రాసుకున్నాను. కుర్చీ కింద తుడవబోతే అక్కడ కనిపించినది, మెడకు కట్టిన గుడ్డ మడతలో ఇరుక్కున్నది, మోకాలికి అంటుకున్నది అంతా పోగు చేసి తూచితే 42 గ్రాములు వచ్చింది. ఆ రోజు నుంచి కుర్చీ కింద శుభ్రమైన గుడ్డ పరిచి, రాలినదంతా తూచిన తరువాతే లెక్క వేస్తున్నాను. ఇతరులకు నేను మొదట చెప్పేది కూడా ఇదే: మనం పెట్టినది కాదు, బిడ్డ కడుపులోకి వెళ్లినదే లెక్క.

పుస్తకంలో సమయం, పదార్థం, పెట్టిన బరువు, మిగిలిన బరువుతో పాటు మరో వరుస కూడా గీశాను. "బువ్వ" అని అడగడానికి ముందు వాడు ఏం చేస్తున్నాడో అందులో రాసేదాన్ని. ఆ వరుస ఎంత పనికి వచ్చిందో నాలుగో వారం దాకా నాకు తెలియలేదు.

ఇక అసలు ఎంత కావాలి? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసిన అంచనాల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు రోజుకు కిలో బరువుకు సుమారు 80 కేలరీలు అవసరం. 11.2ను 80తో గుణిస్తే దాదాపు 900. కిలోల లెక్కన చూస్తే పెద్దవారికి కావలసిన దానికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి, ఇంత చిన్న మనిషి అంత తినడం వింతగా కనిపించినా వింత కాదు. పుట్టినప్పటి బరువు ఏడాది నిండేసరికి సుమారు మూడింతలు అవుతుంది, రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది మాత్రం రెండున్నర కిలోలే. అందుకే చాలామంది పిల్లలకు ఈ వయసులో ఆకలి తగ్గినట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో కనిపించినది అందుకు తలకిందులు.

వారం చివర కూడితే రోజుకు సగటున 13 సార్లు అడిగాడు, మొత్తం ఆహారం మాత్రం 860 నుంచి 960 కేలరీల మధ్యే ఉంది. అంటే వాడు తక్కువా తినడం లేదు, ఎక్కువా తినడం లేదు. మరి ఈ ఆకలి ఎక్కడిది? జవాబు పాల వరుసలో ఉంది. రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతున్నాడు. వెన్న తీయని పాలు 100 మిల్లీలీటర్లకు సుమారు 65 కేలరీలు ఇస్తాయి కనుక సగానికి పైగా శక్తి, దాదాపు 490 కేలరీలు, పాల నుంచే వస్తోంది. అడిగిన ప్రతిసారీ కాసిన్ని పాలు పట్టడం నేనే అలవాటు చేశాను. దానివల్ల వాడికి పూర్తిగా ఆకలి వేయడం లేదు, పూర్తిగా కడుపు నిండడమూ లేదు.

రెండు, మూడు వారాలు: పాలు తగ్గించడం, చిక్కగా వండడం

ఈ వయసు పిల్లలకు రోజుకు 350 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. అంతకు మించితే పాలు అన్నం స్థానాన్ని ఆక్రమిస్తాయి. ఈ వయసులో రోజుకు 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పాలలో ఇనుము లేనట్టే లెక్క. పాలు ఎక్కువగా తాగే పిల్లల్లో రక్తహీనత తరచుగా కనిపించడానికి కారణం ఇదే. నేను రెండు రోజులకు 100 మిల్లీలీటర్ల చొప్పున తగ్గిస్తూ వారం రోజుల్లో 400కు తెచ్చాను. పాలలో నీళ్లు కలపలేదు, వెన్న తీసిన పాలకు మారలేదు, ఎందుకంటే రెండేళ్ల లోపు పిల్లలకు ఆ కొవ్వు అవసరం. పాలసీసా పక్కన పెట్టి, భోజనం అయ్యాకే మామూలు కప్పులో పోశాను. నాలుగో రాత్రి లేచి చాలాసేపు ఏడ్చాడు, ఎత్తుకుని తిరిగాను, ఆ రాత్రి పట్టుదల వదిలేద్దామా అనిపించింది. ఆరో రాత్రి లేవలేదు.

ఈ వారాల్లో నేర్చుకున్న మరో ముఖ్యమైన సంగతి చిక్కదనం గురించి. చిన్నపిల్లల కడుపు ఒకసారికి కిలో బరువుకు సుమారు 30 గ్రాముల ఆహారాన్ని పట్టగలదని లెక్కిస్తారు, అంటే మా బాబుకు 330 గ్రాముల చుట్టూ. పలుచగా కాచిన జావ 150 గ్రాములు తాగిస్తే అందేది 60 కేలరీలే కావచ్చు. అంతే బరువు గల మెత్తటి అన్నం, చిక్కటి పప్పు, చెంచాడు వెన్న కలిపి పెడితే 180 దాటుతుంది. కడుపు రెండింటితోనూ నిండినట్టే ఉంటుంది, కానీ జావ తాగిన బిడ్డ గంటకే తిరిగి వస్తాడు. నేను పెట్టే ప్రతి పూటలోనూ అప్పటి నుంచి 5 గ్రాముల వెన్న (36 కేలరీలు) గానీ, ఉడికించిన గుడ్డు (సుమారు 70) గానీ, గట్టి పప్పు గానీ ఉండేలా చూస్తున్నాను.

మూడో వారం మధ్యలో అంకెలు కుదరలేదు. తిన్నది తక్కువగా కనిపిస్తోంది, వాడు మాత్రం హుషారుగా ఉన్నాడు. అడిగితే అత్తయ్య రోజుకు నాలుగు చిన్న బిస్కెట్లు ఇస్తున్నారని తెలిసింది. "బువ్వ అంటూ మొహంలో మొహం పెట్టి చూస్తుంటే లేదనడానికి నోరు రాలేదమ్మా," అన్నారు. నాకూ అలాగే ఉంటుందని, తప్పేమీ లేదని, పుస్తకంలో రాస్తే చాలని చెప్పాను. అవి దాదాపు 100 కేలరీలు. మరుసటి రోజు నుంచి అత్తయ్యే స్వయంగా పెన్సిలు పట్టుకున్నారు, బిస్కెట్ల బదులు పది గంటల పూట అరటిపండు ముక్కలు, పెరుగు ఆవిడ చేతి మీదుగానే పెడుతున్నారు.

నాలుగో వారం: వేళలు

ఏడున్నర, పది, పన్నెండున్నర, నాలుగు, ఏడు: రోజుకు ఐదు పూటలు, మధ్యలో మంచినీళ్లు మాత్రమే. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దవారు నిర్ణయించాలని, ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నవి బిడ్డకే వదలాలని పోషకాహార నిపుణురాలు ఎల్లిన్ సాటర్ చెప్పిన పద్ధతిని పాటించాను. మొదటి వడ్డన చిన్నదిగా ఉంచాను, ప్రతి పదార్థమూ వయసు ఎన్నేళ్లో అన్ని పెద్ద చెంచాలు, అంటే మాకు రెండు. ఇంకా అడిగితే అడిగినంత పెట్టాను.

అడగడానికి ముందు ఏం చేస్తున్నాడో రాసిన ఆ వరుస ఇప్పుడు అక్కరకు వచ్చింది. వెనక్కి తిరగేస్తే, తిన్న గంటలోపు వచ్చిన "బువ్వ"లన్నీ రెండే వేళల్లో గుంపుగా కనిపించాయి. ఒకటి మధ్యాహ్నం నిద్రకు ముందు, కళ్లు నులుముకుంటూ. రెండోది నేను ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు. బిడ్డకు తెలిసిన మాటలు కొన్నే, నిద్ర వచ్చినా, దాహం వేసినా, నా ఒడి కావాలన్నా వాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. ముందు నీళ్లిచ్చి, ఐదు నిమిషాలు పక్కన కూర్చుని ఆడుకోవడం మొదలుపెట్టాను. ఆ తరువాత కూడా అడిగితే నిజమైన ఆకలే అనుకుని తరువాతి పూటను అరగంట ముందుకు జరిపాను. ఆకలితో ఉన్న బిడ్డను గడియారం చూపించి ఏడిపించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఐదో వారం: హెచ్చుతగ్గులు

ఒక మధ్యాహ్నం 60 కేలరీలకే మొహం తిప్పేశాడు, మర్నాడు అదే వేళకు 260 తిన్నాడు. ఆ వారం ఏ రోజు మొత్తం చూసినా 830కి, 980కి మధ్యే ఆగింది. పిల్లల తిండి అలవాట్ల మీద పరిశోధన చేసిన లీన్ బర్చ్, ఆమె సహచరులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు 15 మంది తిన్నదాన్ని ఆరు రోజులు కొలిచారు. ఒక్కో పూట తిండిలో మార్పు సగటున 34 శాతం దాకా ఉంటే, రోజు మొత్తంలో అది 10 శాతం మాత్రమే ఉంది. ఒక పూట తగ్గితే మరో పూట పిల్లలే సరిచేసుకున్నారు. ఇది చదివాక, ఒక పూట తినకపోతే గోరుముద్దలు పట్టుకుని వెంటపడటం పూర్తిగా మానేశాను.

ఆరో వారం: వైద్యుల దగ్గర

పుస్తకాన్ని పిల్లల వైద్యురాలికి చూపించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల చార్టులో బరువు, ఎత్తు చుక్కలు పెట్టి, రెండూ పాత గీతల వెంబడే సాగుతున్నాయని చెప్పారు. గీత పైకి గానీ కిందికి గానీ దాటిపోతే మాత్రం వెంటనే రమ్మన్నారు. విపరీతంగా తింటూ బరువు తగ్గడం, అదే పనిగా దాహం వేసి మూత్రం ఎక్కువగా పోవడం, విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఉండటం, మట్టి లేదా సున్నం తినడం, వీటిలో ఏది కనిపించినా లెక్కలు పక్కన పెట్టి ఆలస్యం చేయకుండా చూపించాలన్నారు.

ఇప్పుడు బరువు 11.5 కిలోలు. రోజుకు ఆరేడు సార్లు అడుగుతున్నాడు, అందులో ఐదు భోజన వేళకే పడుతున్నాయి. వచ్చే వారం నుంచి రోజూ తూచడం ఆపి, ఆదివారం ఒక్కరోజు మాత్రమే త్రాసు తీస్తాను, పాల కొలత మాత్రం ప్రతిరోజూ రాస్తాను. కుర్చీ కింద గుడ్డ అలాగే ఉంటుంది.