హాగరుతో నలభై రోజులు

కువైట్ వచ్చిన కొత్తలో నేను బైబిలు చదివిన తీరు, పరీక్ష ముందు సిలబస్ పూర్తిచేసే తీరు ఒకటే. మొత్తం 1189 అధ్యాయాలు. ఏడాదిలో అయిపోవాలంటే రోజుకి మూడో నాలుగో చదవాలి. ఆస్పత్రిలో డ్యూటీ దిగి అబ్బాసియా బస్సెక్కితే లేవీయకాండం, రూముకొచ్చి అన్నం ఉడికేలోపు సంఖ్యాకాండం. చదివిన ప్రతి రోజుకీ ఫోన్లో యాప్ టిక్కు పెట్టేది. 2017 డిసెంబర్ 31న వాచ్‌నైట్ సర్వీసుకి బయల్దేరే ముందు ప్రకటన గ్రంథం చివరి అధ్యాయం ముగించి, స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపాను.

అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "సంతోషం అమ్మలూ. ఇంతకీ ఏ వాక్యం పట్టుకుంది నిన్ను?"

ఏమీ గుర్తుకు రాలేదు. ఇరవై మూడో కీర్తన అని చెప్పి తప్పించుకున్నాను. అది సండే స్కూల్లో కంఠస్థం చేసింది.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. చేతిలో సూది కదులుతుంటే పెదాలూ కదులుతుండేవి. ఒకే వాక్యం, మళ్లీ మళ్లీ. పిల్లలం నవ్వుకునేవాళ్లం, మామ్మ గొణుగుడు మొదలైందని. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి అర్థం దాదాపు అదేనని. హాగా. గొణగడం, మూలగడం. యెషయా గ్రంథంలో జబ్బుపడ్డ హిజ్కియా రాజు "గువ్వవలె మూల్గితిని" అన్నప్పుడూ ఆ మాటే, సింహం తన వేట మీద గుర్రుమన్నప్పుడూ ఆ మాటే. మనకి ధ్యానం అనగానే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్న మనిషి కనిపిస్తాడు. ఆ మాటలో ఉన్నది మాత్రం నోరు.

కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం వచ్చిందంటే తిరనాళ్లే. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా ఆ రోజే. ఒక హాల్లో మలయాళం, పక్క హాల్లో అరబిక్, పై గదిలో ఫిలిప్పీనో వాళ్లు, గంట కాగానే ఒక భాష బయటికొస్తే ఇంకో భాష లోపలికి. నర్సుని కాబట్టి నాకు ఇష్టమైన సంగతి ఒకటి చెప్తాను. ఈ దేశానికి మొదటి లేడీ డాక్టరు ఎలినార్ కాల్వర్లీ 1912లో అమెరికా మిషన్ తరఫున వచ్చింది. ఈ చర్చి మూలాలు ఆ మిషన్‌లోనే ఉన్నాయి.

మా తెలుగు ఆరాధనకి ఒక పెద్దావిడ వచ్చేది. పేరు రాయను, అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఇరవై ఏళ్లకు పైగా ఒక కువైటీ ఇంట్లో వంటపని. అక్షరం ముక్క రాదు. నేను యాప్ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. "నువ్వు మూడు అధ్యాయాలు చదివేసరికి నాకు మూడు ముక్కలు కూడా దక్కవమ్మా. శుక్రవారం అయ్యగారు చదివిన దాంట్లో ఒక్క ముక్క ఏరుకుని పోతాను. వారమంతా గిన్నెలు తోముతా దాన్నే నాలిక మీద తిప్పుకుంటాను. రుచి పోతే ఇంకోటి."

2018లో ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల శ్రమల దినాలు ఫిబ్రవరి 14న మొదలయ్యాయి. మా ఊరి బ్రదరన్ మందిరంలో శ్రమల దినాలు పాటించరు, రొట్టె విరుచుట ప్రతి ఆదివారం ఉంటుంది, అంతే. ఇక్కడ లూథరన్లు, బాప్తిస్టులు, సీఎస్ఐ వాళ్లు అందరూ ఒకే గదిలో కలిసి కూర్చుంటారు కాబట్టి నేనూ అలవాటు పడ్డాను. పెద్దమ్మ మాట మీద ఆ నలభై రోజులూ ఒకే అధ్యాయం తీసుకోవాలనుకున్నాను. ఆదికాండం పదహారు, పిల్లలు లేని శారయి తన దాసి హాగరుని భర్త అబ్రాముకి ఇచ్చిన కథ. మొత్తం పదహారు వచనాలే, త్వరగా అయిపోతుంది కదా అని. పాత బుద్ధి.

పొద్దున్నే నాలుగున్నరకి లేచి, రూమ్మేట్లకి ఇబ్బంది కాకుండా వంటగదిలో స్టూలు మీద కూర్చునేదాన్ని. అధ్యాయమంతా ఒకసారి చిన్నగా నోటితో చదవడం. తర్వాత ఒకే వచనం మూడుసార్లు. ఎక్కడ నాలుక ఆగితే అక్కడ ఆగిపోవడం. అర్థం వెతకకూడదు, వేరే పుస్తకాలు తెరవకూడదు. చివర్లో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయడం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. మొదటి వారం నిద్ర తూగింది. రెండో వారం విసుగు. అబ్రాము, శారయి, దాసి, కథ తెలిసిందే కదా, ఇందులో ఇంకేముంది? నోట్‌బుక్‌లో ఆ రోజుల పేజీల్లో "తలనొప్పి", "ఏమీ లేదు", "ఇంటికి డబ్బు పంపాలి" అని ఉన్నాయి.

పదిహేనో రోజో పదహారో రోజో నాలుగో వచనం దగ్గర నాలుక తట్టుకుంది. "అది గర్భవతి ఆయెను." మళ్లీ చదివాను. అధ్యాయం మొత్తం చూశాను. మన పాత తెలుగు బైబిలులో శారయి ఎక్కడున్నా "ఆమె". హాగరు దాదాపు ఎక్కడున్నా "అది". అది పారిపోయింది, దాని యజమానురాలు, దానితో చెప్పెను. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు విన్నానో. ఒక్కసారీ గుచ్చుకోలేదు. ఎందుకు గుచ్చుకుంటుంది? ఊళ్లో మా ఇంట్లో అంట్లు తోమే మనిషిని మేమూ "అది ఇంకా రాలేదా" అనే అడిగేవాళ్లం.

అప్పుడే ఇక్కడ ఆమ్నెస్టీ నడుస్తోంది. అకామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, గడువు దాటిపోయిన వాళ్లు జరిమానా లేకుండా దేశం వదిలి వెళ్లొచ్చని జనవరి 29న మొదలుపెట్టారు. ముందు ఫిబ్రవరి 22 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22కి పొడిగించారు. అప్పటి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు ఎంతమంది అకామా లేకుండా ఉన్నారో ఆ రోజుల్లోనే కళ్లారా చూశాను. పాస్‌పోర్టు సేటు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, దగ్గరే ఉండిపోతుంది, ఇంట్లోంచి బయటపడితే చేతిలో ఏ కాగితమూ ఉండదు. అలాంటివాళ్లు పాస్‌పోర్టు బదులు ఇంటికి వెళ్లడానికిచ్చే ఔట్‌పాస్‌కి మన ఎంబసీలో అప్లై చేసుకోవాలి. ఫోటోలు, పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే అది, ఫారం నింపాలి. వాళ్లల్లో చాలామందికి రాయడం రాదు. "నీకు ఇంగ్లీషు వచ్చు, పెన్ను పట్టుకుని రా" అని పెద్దమ్మ ఫోన్ చేసింది. సేవ అంటే అదీ. నేనేదో పిలుపు విని లేచి వెళ్లలేదు.

మొదటి రోజే తప్పు చేశాను. నలభై ఏళ్లావిడ, మా గోదావరి వైపే. పేరడిగితే చెప్పింది, రాసేశాను. వరుసలో వెనక ఇంకా చాలామంది ఉన్నారని నా తొందర. ఆమె చెప్పింది ఇంట్లో పిలిచే పేరు. సంచిలో ఎనిమిది మడతలు పెట్టి దాచుకున్న పాస్‌పోర్టు జిరాక్సులో వేరే పేరు, ఇంటిపేరు కూడా తేడా. ఫారం వెనక్కొచ్చింది. పాపం ఇంకో వారం ఎవరి రూములోనో నేల మీద పడుకుని మళ్లీ రావాల్సొచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. "పర్లేదులే సిస్టరమ్మా, అక్కడ ఎనిమిదేళ్లు నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు, నాకే గుర్తు లేదు" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వంటగదిలో ఎనిమిదో వచనం. "శారయి దాసివైన హాగరూ, ఎక్కడ నుండి వచ్చితివి, యెక్కడికి వెళ్లుచున్నావు?" ముందున్న వచనాలు మళ్లీ చూశాను. అబ్రాము "నీ దాసి" అంటాడు. శారయి "నా దాసి" అంటుంది. అధ్యాయంలో ఆమెని నోరారా పేరు పెట్టి పిలిచినవాడు ఒక్కడే, ఎడారిలో నీటి ఊట దగ్గర కలిసిన దూత. పిలిచాక అడిగినవి రెండే ప్రశ్నలు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. ఫారం పక్కన పెట్టేదాన్ని. ముందు పేరు, ఇంట్లో పిలిచేదీ, కాగితం మీదిదీ. తర్వాత ఎక్కడ నుంచి వచ్చావు అక్కా, ఎక్కడికి వెళ్దామనుకుంటున్నావు? మొదటి ప్రశ్నకి అందరూ చెప్పేస్తారు. ఊరు, ఏజెంటు, సేటు ఇల్లు, జీతం ఎన్ని నెలలు ఆపారో. రెండో ప్రశ్నకే ఏడుపు. ఇంటికి వెళ్లాలని అందరికీ ఉండదు. కొందరికి ఇంటి దగ్గర అప్పులవాళ్లు, కొందరికి ఇంకో పెళ్లి చేసుకున్న మొగుడు. రోజుకి ఇరవై ఫారాలు నింపేదాన్ని ఎనిమిదికి పడిపోయాను. వెనక ఫారాలు రాసే మా వాళ్లకి కోపం వచ్చింది కూడా. కానీ ఒక్క ఫారమూ వెనక్కి రాలేదు.

రాయచోటి ఆవిడ ఒకామె వచ్చింది, ముసల్మాను. తస్బీ పూసలు తిప్పుతూ పెదాలు కదుపుతుంటే మా అమ్మమ్మే గుర్తొచ్చింది. నా ఒళ్లో తెరిచి ఉన్న బైబిలు చూసి ఏం చదువుతున్నావమ్మా అనడిగితే, హాగరు గురించి అన్నాను. ఎవరామె అంది. అబ్రాహాము ఇంట్లో దాసి, ఇష్మాయేలు తల్లి అన్నాను. "మా హాజిరమ్మ గదా!" అంది, మొహం వెలిగిపోయింది. బిడ్డ దాహానికి సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు పరుగెత్తిందనీ, అందుకే మక్కా వెళ్లినోళ్లు రాజులైనా సరే ఆమె పరుగెత్తినట్టే ఏడుసార్లు తిరగాల్సిందేననీ చెప్పింది. ఒక పనిమనిషి అడుగుల్లో అడుగేసి లోకమంతా నడుస్తోందా? నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఆమెకి నేను ప్రసంగం చెయ్యలేదు, ఆమె నాకూ చెయ్యలేదు. ముసల్మానులకి మా మతం ప్రకటించడం ఈ దేశంలో ఒప్పుకోరు కూడా, అయినా ఆ రోజు నాకు ఆ సంగతి గుర్తే రాలేదు. ఇద్దరం కలిసి చాయ్ తాగాం. ఫారం నింపాను.

ఇక తొమ్మిదో వచనం. ఆ దూతే అంటాడు, "నీ యజమానురాలి యొద్దకు తిరిగి వెళ్లి ఆమె చేతి క్రింద అణిగియుండుము" అని. పది రోజులు దీని మీదే కూర్చున్నాను. నోట్‌బుక్‌లో ఏమీ రాయలేకపోయాను. చేతి మీద ఇస్త్రీపెట్టె వాత ఉన్న పిల్ల ఒకతి మా దగ్గరకొస్తే, మా సంఘంలో ఒక బ్రదర్‌గారు ఈ వచనమే చెప్పి తిరిగి వెళ్లమన్నారు. నాకు ఒళ్లు మండింది. నర్సుగా కాలిన గాయం ఎలాంటిదో నాకు తెలుసు. "అయ్యగారూ, ఇక్కడ 2015లో 68వ నెంబరు చట్టం తెచ్చారు. పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అని ఉంది. దేవుడు కువైట్ గవర్నమెంటు కన్నా తక్కువ దయ గలవాడా?" అని అడిగేశాను. తర్వాత అంత మాట ఎందుకన్నానా అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ పిల్ల షెల్టర్‌కి వెళ్లింది, ఏప్రిల్ మొదటి వారంలో ఊరికి చేరింది.

ఆ సంఘటన అక్కడితో ఆగిపోతే నాకు బాగుండేది. మార్చి చివర్లో ఇంకో ఆమె వచ్చింది, ఇంట్లోంచి పారిపోయి రెండు రోజులైంది. కొట్టడాలు లేవు. పని ఎక్కువ, మాటలు ఎక్కువ, జీతం మాత్రం నెలనెలా ఇస్తున్నారు. రెండో ప్రశ్న అడిగాను. చాలాసేపు నేలకేసి చూసి, "తిరిగి ఆ ఇంటికే పోతాను" అంది. ఏజెంటుకి కట్టిన డబ్బుకి ఊళ్లో మూడు రూపాయల వడ్డీ. కూతురు ఇంటర్. నేను వద్దని గంటసేపు చెప్పాను. చట్టం చెప్పాను, షెల్టర్ చెప్పాను. అంతా విని, "నువ్వు అడిగావు కదా, ఎక్కడికెళ్తావని. చెప్పాను కదా" అంది. నా నోరు మూతపడింది. అడగడం నేర్చుకున్నాను గానీ, జవాబు నాకు నచ్చకపోతే వినడం ఇంకా రాలేదు.

ఈస్టరు వెళ్లింది, ఏప్రిల్ 22 కూడా దాటిపోయింది. పెద్దమ్మ సలహాతో రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో ఒక నిమిషం వాయిస్ పెట్టడం మొదలుపెట్టాం. ఒకే వచనం, మెల్లగా, మూడుసార్లు. ఇళ్లల్లో పని చేసేవాళ్లకి ఫోన్ చేతికొచ్చేది ఆ టైముకే. ఇస్త్రీ చేస్తూ వింటారు. వ్యాఖ్యానం పెట్టొద్దని పెద్దమ్మ ఆర్డరు. "ముక్క ఇవ్వు, నమిలేది వాళ్లు" అంది.

మా నరసాపురానికి మిషనరీలు వచ్చిన కథ కూడా ఆ ఏడాదే మొదటిసారి సరిగ్గా చదివాను. 1836లో బౌడెన్, బీర్ దంపతుల్ని మన దేశానికి వెంటబెట్టుకొచ్చిన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్, అంతకు ముందు బాగ్దాద్‌లో ఉన్నాడు. 1831 ప్లేగులో భార్యని అక్కడే పోగొట్టుకున్నాడు. బాగ్దాద్ అంటే ఇక్కడికి ఉత్తరాన పక్క దేశమే. మా మందిరంలో నేను పాడిన మొదటి పాట వెనకాల ఈ ఇసుక ఉందని నాకు తెలియదు.

మరుసటి ఏడాది శ్రమల దినాలకి ఆదికాండం ఇరవై ఒకటి తీసుకున్నాను. హాగరుని రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి పంపేసిన అధ్యాయం. పంతొమ్మిదో వచనం దగ్గర ఆగాను. "దేవుడు ఆమె కన్నులు తెరచినందున ఆమె నీళ్ల ఊట చూచి..." ఆమె. రెండుసార్లు. అనువదించిన పెద్దలు కావాలని మార్చారో, యథాలాపంగా వచ్చిందో! స్టూలు మీద కూర్చుని పెద్దగా చదివేశాను, రూమ్మేట్లు లేచి తిట్టారు.

తొమ్మిదో వచనం పేజీ నా పాత నోట్‌బుక్‌లో ఇంకా ఖాళీగానే ఉంది. తిరిగి ఆ ఇంటికే వెళ్లిన ఆమె శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేస్తుంది, పిల్లలు పడుకున్నాక, బాత్రూంలోంచి, గుసగుసగా. హలో అనను. ముందు పేరు పెట్టి పిలుస్తాను, ఇంట్లో పిలిచే పేరు.

"చెప్పు సిస్టరమ్మా, ఈ వారం ముక్కేంటి?" అంటుంది.