ఆగస్టులోనే మొదలయ్యే క్రిస్మస్

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి మెల్‌బోర్న్ వచ్చి పన్నెండేళ్ళు. ఆగస్టు రాగానే నేను ఫ్రిజ్ మీద క్రిస్మస్ పనుల కాగితం అంటిస్తే మా ఆయన నవ్వుతారు, ఇంకా వినాయక చవితి కూడా రాలేదు కదే అంటారు. నవ్వనీండి. మూడేళ్ళ కిందట డిసెంబర్లో నేను ఏడ్చిన ఏడుపు ఆయన మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు.

ఆ ఏడాది టికెట్లు నవంబర్లో కొన్నాం. ఇక్కడ ఎండాకాలం సెలవులు డిసెంబరు మూడో వారంలో మొదలై జనవరి చివరిదాకా ఉంటాయి కాబట్టి క్రిస్మస్, సంక్రాంతి రెండూ చూసుకుని రావచ్చు, కాకపోతే ఆ ఆలోచన మాకొక్కళ్ళకే రాదుగా, అందరికీ వస్తుంది. రెట్టింపు రేటు పెట్టి కొని, నరసాపురం రైలుకి బెర్తులు దొరక్క హైదరాబాద్ నుంచి రోజంతా కారులో వచ్చి 24 సాయంత్రానికి ఇంటికి చేరాం. స్నానాలు కూడా సరిగ్గా అవకుండానే చర్చిలో పిల్లల ప్రోగ్రాం. మా పెద్దదానికి అప్పుడు ఏడేళ్ళు. పాస్టరమ్మగారు ప్రేమగా "మన మెల్‌బోర్న్ పాప వాక్యం చెబుతుంది" అని మైకు చేతిలో పెట్టేశారు. అది మైకు వంక చూసి, జనం వంక చూసి, ఒక్క పరుగున వచ్చి నా చీర కొంగులో తల దూర్చేసింది. మర్నాడు పొద్దున్న చిన్నోడి వంతు. లేవగానే మంచం కింద, గుమ్మం దగ్గర, స్టార్ కట్టిన కొబ్బరిచెట్టు మొదట్లో వెతికి, "శాంటాకి అమ్మమ్మ వాళ్ళ ఇల్లు తెలీదా?" అని రాగం ఎత్తుకున్నాడు. సూట్‌కేసులో అందరికీ చాక్లెట్లు సర్దాను, వాడి బొమ్మ మాత్రం ఇంట్లోనే మర్చిపోయాను. క్రిస్మస్‌కి మా ఊళ్ళో కొత్త బట్టలే గానీ శాంటా లెక్క ఎవరికుంది?

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మా చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ "ముందుగా ప్లాన్" చెయ్యలేదు, అయినా టెన్షన్ పడినట్టు గుర్తులేదు. ఎందుకంటే పని ఆవిడ ఒక్కదానిదీ కాదు. సార్వా కోతలయ్యి ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజులు, కొత్త బియ్యం పిండి కొట్టుకుని నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే ఒకరు పాకం పడితే ఒకరు అరిసెలు ఒత్తేవారు. వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురు ఉడికించి, రంగు కాగితాలతో స్టార్ కట్టడం మగపిల్లల పని. నెలంతా రాత్రిళ్ళు క్యారల్స్ వాళ్ళు డోలక్ వాయించుకుంటూ ఇంటింటికీ వచ్చేవారు, ఎవరింట్లో టీ, ఎవరింట్లో జంతికలు అన్నది కూడా ముందే అనుకునేవారు. అంతమంది చేతుల మీద జరిగే పండగని ఇక్కడ నేను ఒక్కదాన్నే, అదీ చివరి పది రోజుల్లో, ఆఫీసు పనితో కలిపి చెయ్యాలనుకుంటే తల పగలక ఏమవుతుంది! మనుషుల్ని తేలేను కాబట్టి నెలల్ని తెచ్చుకున్నాను.

టికెట్లు ఇప్పుడు జూన్‌లోనే కొనేస్తాం, దాని గురించి ఇంక చెప్పడానికేం లేదు. రైలు మాత్రం తొందరపడినా దొరకదు, 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు 23 బండికి అక్టోబరు 24, పొద్దున్న ఎనిమిదింటికి, అంటే మాకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ రోజు ఆఫీసులో నాకు మీటింగ్ ఉండదు, ఎవరెన్ని చెప్పినా.

బట్టల సంగతి ఇంకో కథ. డిసెంబరు పది దాటితే మా టైలర్ గారు గుడ్డ పుచ్చుకోరు. అందుకని అక్టోబర్లో పిల్లల కొలతలు వాట్సాప్‌లో పంపిస్తాను. కానీ ఈ పిల్లలు అక్టోబరు కొలతకి డిసెంబర్లో ఆగుతారా? మొదటిసారి పట్టులంగా మడమల పైకి ఎగిరిపోయింది. ఇప్పుడు కింద నాలుగు వేళ్ళ మడత వదిలి కుట్టమంటున్నాం, వెళ్ళిన రోజే అమ్మ కుట్లు విప్పి సరిచేస్తుంది.

అసలు ముందునుంచీ చెయ్యాల్సింది పిల్లల మనసులో పని. పెద్దది ఒకరోజు "అమ్మమ్మ క్రిస్మస్ చెయ్యడం మన దగ్గర నేర్చుకుందా?" అని అడిగింది. దాని లెక్కలో క్రిస్మస్ మెల్‌బోర్న్‌ది, సంక్రాంతి ఊరిది. 1830లలోనే నరసాపురానికి మిషనరీలు వచ్చారనీ, ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయితే అంతకుముందే ఈ డెల్టాలో క్రిస్మస్ ఉందనీ చెబితే నోరు తెరుచుకుని వింది. అమ్మమ్మ అల్లే లేసు కూడా మిషనరీలు నేర్పిందే, 2024లో నరసాపురం లేసుకి, ఇది ఆ ప్రాంతానిదే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది అంటే, "అయితే నాకూ నేర్పమను" అంది. ఆగస్టు నుంచి ఆదివారాలు వీడియో కాల్‌లో అమ్మమ్మ సూది, మనవరాలి సూది. నాలుగు నెలలకి చేతి రుమాలంత కూడా కాలేదు, ఒక మూల వంకర. యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల కింద అదే పరవాలని అమ్మ పట్టు.

వాక్యం కూడా ఆగస్టులోనే. లూకా సువార్తలోది. "పొత్తిగుడ్డలు" అనే మాట దగ్గర నెలన్నర ఆగిపోయాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటానంటే సరే అన్నాను, తెలుగులోనే చదవాలని పట్టుబట్టి అసలుకే ఎసరు తెచ్చుకోవడం ఎందుకు? శాంటా గురించి చిన్నోడితో సెప్టెంబర్లోనే ఒప్పందం: బొమ్మ మెల్‌బోర్న్‌లో ముందే వచ్చేస్తుంది, ఊళ్ళో వాడికి వేరే ఉద్యోగం, పక్కిళ్ళకి పిండివంటల పళ్ళేలు మొయ్యడం.

కిందటేడు 25న తెల్లవారుజామున నాలుగింటికి ఆరాధన. మమ్మల్ని ఎవరూ లేపక్కర్లేదు, పిల్లలిద్దరూ మూడింటికే లేచి కూర్చున్నారు, వాళ్ళ ఒంటికి అప్పటికి ఎనిమిదిన్నర. బయట మంచు, పెద్దదానికి పట్టులంగా మీద స్వెట్టరు. మైకు దగ్గర "పొత్తి" అని ఒక్క క్షణం ఆగింది. మా అమ్మ పెదవులు కదిలించింది. అది చూడకుండానే అందుకుంది.

ఇంటికొచ్చాక అరిసెలూ జంతికలూ కేకు ముక్కలూ పెట్టి చిన్నోణ్ణి పక్కిళ్ళకి పంపాను. "తీసుకో అమ్మమ్మా" అనకూడదు, "తీసుకోండి" అనాలని దారంతా చెప్పుకుంటూ వెళ్ళాడు. మా పక్కింటావిడ ఖాళీ పళ్ళెం తిరిగివ్వరు, జామకాయలు వేసి పంపారు. సంక్రాంతికి మేమూ పంపుతాంలే అన్నారట కూడా. వాడు జామకాయలు పొట్టకి అదుముకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, వాళ్ళు మళ్ళీ ఇచ్చేశారు! ఇప్పుడు మళ్ళీ మనం ఇవ్వాలా?"