వంటింటి దేవుడి నోటికి బంక

పండగ వంటకి పిండి తప్పు తెచ్చినందుకు, నేను పనిచేసే ఇంటి పెద్దావిడ ఆమా నన్ను తిట్టలేదు. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. తిట్టినా బాగుండేది. మూడు తలల ఏనుగు బొమ్మ వేసి ఉండే ఆ థాయిలాండ్ పిండి రెండు రకాలొస్తుందని నాకప్పటికి తెలీదు. ఎర్ర అక్షరాలది మామూలు బియ్యప్పిండి, పచ్చ అక్షరాలది జిగురు బియ్యప్పిండి. నేను ఏనుగుని గుర్తుపెట్టుకుని వెళ్ళి రెండు ఎర్రవి పట్టుకొచ్చాను. మళ్ళీ కిందకి దిగి, సొంత డబ్బుతో పచ్చవి కొన్నాను. ఆ ఎర్ర పిండితో తర్వాత నెల్లాళ్ళు చెక్కలు చేసుకున్నాను లెండి, అది వేరే సంగతి.

అది 2023 జనవరి. నేను సింగపూర్ వచ్చి రెండు నెలలు. మా కోనసీమ ఆడవాళ్ళు ఎక్కువగా కువైట్, మస్కట్ వెళ్తారు. నాకు ఇక్కడ రాసిపెట్టి ఉంది. తోవా పయో అని 1960లలో కట్టిన పాత టౌన్‌షిప్పులో ఫ్లాటు. మేడమ్, సార్, వాళ్ళ అబ్బాయి, సార్ వాళ్ళమ్మ. ఆవిణ్ణి చూసుకోవడమే నా పని అని కాగితంలో ఉంది. వంట, బట్టలు, కిటికీలు, ఫ్యాను రెక్కలు అందులోనే కలిసిపోయాయి. ఆమా అంటే వాళ్ళ హోక్కియెన్ అనే చైనా భాషలో నాయనమ్మ. వినడానికి అమ్మ అన్నట్టే ఉంటుందని నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను 'గర్ల్' అనేది. ఇంటి దగ్గర నాకు ఇంటర్ చదివే కూతురుంది.

ఆ ఏడాది జనవరి 1 నుంచి మాలాంటి వాళ్ళకి నెలకి కనీసం ఒక్క రోజు సెలవు ఇచ్చి తీరాలని, ఆ రోజుకి డబ్బిచ్చి సరిపెట్టడం కుదరదని ఇక్కడ రూలు వచ్చింది. నా మొదటి సెలవు జనవరి 15, ఆదివారం అన్నారు. సంక్రాంతి! సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్తే నాలుగు తెలుగు మొహాలు కనిపిస్తాయని చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. తీరా చూస్తే చైనా పంచాంగం ప్రకారం వాళ్ళ పన్నెండో నెలలో 24వ రోజు సరిగ్గా ఆ ఆదివారమే వచ్చింది. ఆ రోజు వంటింటి దేవుణ్ణి సాగనంపాలి. ఆయన వెళ్ళాకే ఇల్లు దులపాలి. "సెలవు వచ్చే వారం తీసుకో, కెన్?" అంది మేడమ్. "కెన్" అన్నాను. ఇక్కడికొచ్చాక నాకు మొదట వంటబట్టిన మాట అదే.

అలా భోగి నాడు పొద్దున్న ఆరింటికి మేమిద్దరం పొయ్యి వెలిగించాం.

వాళ్ళ సంవత్సరాదికని ఆవిరి మీద ఉడికించే ఈ జిగురు తీపివంటని ఆమా 'తీ క్వే' అంటుంది. తీ అంటే వాళ్ళకీ తీపే. మేడమ్ 'నియెన్ గావ్' అంటుంది. ఆ మాట వినడానికి 'ఏటికేడాది పైకి' అన్నట్టు ఉంటుంది కాబట్టి సంవత్సరాదికి తిని తీరాలట. కింద మార్కెట్లో అమ్మే ఆవిడ మలయ్‌లో 'కుయే బకుల్' అంటుంది. సూపర్‌మార్కెట్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో దొరుకుతుంది, కొనుక్కోవచ్చు కదా అని మేడమ్ ఏటా అంటుంది. ఆమాకి ఆ మాట వినపడదు. మిగతావన్నీ వినపడతాయి.

సరుకులు మూడే. కిలో పిండికి కిలో పంచదార, లీటరు నీళ్ళు. పాకం లేదు, ఏలకులు లేవు, నెయ్యి లేదు. దీనికింత హడావుడా అనిపించింది. పంచదార నీళ్ళు మరిగించి, చల్లార్చి, పిండిలో పోస్తూ చేత్తో కలిపి, ఉండలు లేకుండా జల్లెడ పట్టింది. గట్టి దోసెల పిండిలా వచ్చింది. ఆవిడ చిన్నతనంలో జిగురు బియ్యం రాత్రంతా నానబెట్టి, తిరగలిలో నీళ్ళతో విసిరి, ఆ పిండిని గుడ్డ సంచిలో మూటగట్టి పైన బండ పెట్టేవాళ్ళట, నీరు దిగిపోవడానికి. ఇదంతా ఆవిడ సైగలతో చెప్పింది. తిరగలి తిప్పడం చేత్తో చూపించగానే నేను ఎదురు కూర్చుని రెండో చెయ్యి వేశాను. ఆవిడకి నవ్వు ఆగలేదు.

నాకు ఆ ఇంట్లో మొదట మర్యాద తెచ్చిపెట్టింది మాత్రం అరిటాకు. డబ్బాలకి లోపల అరిటాకు పరవాలి, రెండు పొరలు, ఎక్కడా చిరుగు ఉండకూడదు. రావులపాలెం పక్కన పుట్టినదాన్ని, టెక్కా మార్కెట్లో డాలర్లు పెట్టి అరిటాకు కొన్నందుకు ముందు ఏడుపొచ్చింది. ఆకుని సెగ మీద వాడ్చి, ఈనె తీసి, తుడిచి, మడత పడకుండా డబ్బాలో గుండ్రంగా దించి, అంచు బయటికి విరిచి తాడు కట్టాను. మా వైపు పనసాకుల్తో పొట్టిక్కల బుట్టలు కుట్టిన చేతులకి ఇదొక లెక్కా. ఆమా డబ్బా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. తను కట్టిన డబ్బా పక్కన పెట్టి మళ్ళీ చూసింది. తనది విప్పేసి నా ముందుకి తోసింది.

ఇక ఆవిరి. అక్కడుంది అసలు పని. పది పన్నెండు గంటలు ఉడకాలి. మూతకి గుడ్డ చుట్టింది, మనం కుండకి వాసెన కట్టినట్టు. లేకపోతే మూత కింద పట్టిన నీటి చుక్కలు పిండిలో పడి పైన గుంటలు పడతాయి. అడుగున నీళ్ళలో ఒక చిన్న పింగాణీ చెంచా పడేసింది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది టకటక కొట్టుకుంటూ ఉంటుంది. చప్పుడు ఆగిందంటే నీళ్ళయిపోతున్నాయి, వెంటనే మరిగే నీళ్ళే పొయ్యాలి. చన్నీళ్ళు పోస్తే ఆవిరి పడిపోతుంది. మధ్యాహ్నం ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నా నా చెవి ఆ చెంచా మీదే ఉంది. ఈ రోజుకీ నిద్రలో ఆ చప్పుడు ఆగినట్టనిపిస్తే మెలకువ వచ్చేస్తుంది.

పొద్దున్న చలిమిడిలా తెల్లగా ఉన్నది మధ్యాహ్నానికి తేనె రంగు, చీకటి పడేసరికి పాత బెల్లం రంగు తిరిగింది. వేసింది తెల్ల పంచదారే. నేను రెండుసార్లు మూత వైపు వెళ్తే చేతి మీద ఒక్కటిచ్చింది. ఉడికిందా అని అడగకూడదు, చెడ్డ మాట అనకూడదు, దెబ్బలాడుకోకూడదు. మైల ఉన్నవాళ్ళు, బయటున్న ఆడవాళ్ళు వంటింట్లోకి రాకూడదు. రూల్స్ అన్నీ మేడమ్ ఇంగ్లీషులో చెప్పి, ఇవన్నీ ఓల్డ్ పీపుల్ మాటలు అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరిసెల పాకం దగ్గర మా అమ్మ కూడా అచ్చం ఇంతే. ఇంకా కాలేదా అని అడిగితే గరిటె చూపించేది.

వంటింటి దేవుడి సంగతి మర్నాడు తెలిసింది. పొయ్యి పైన చిన్న పలక మీద ఎర్ర కాగితంలో ఉంటాడు. ఏడాదంతా ఇంట్లో జరిగింది చూసి, ఆ రోజు పైకి వెళ్ళి పెద్ద దేవుడికి అన్నీ చెప్తాడట. అందుకని ఆయన నోటికి తీ క్వే పూస్తారు. అయితే తీపి మాటలే వస్తాయి, లేదా నోరు అంటుకుపోయి అసలు మాటే రాదు. తర్వాత ఆ కాగితాన్ని కింద బ్లాకు దగ్గర పూజ కాగితాలు కాల్చే డబ్బాలో కాల్చేస్తారు, పొగతో పాటు వెళ్ళిపోతాడు. వాళ్ళ సంవత్సరాది పండగ నాలుగో రోజున మళ్ళీ వస్తాడు. మేడమ్ వివరిస్తుంటే నాకు ఒకటే ఆలోచన. ఈ ఇంట్లో పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా వంటింట్లో ఉండేది నేను కదా. మరి ఈయన పైకెళ్ళి చెప్పేది ఎవరి సంగతులు?

చెప్పడానికి లేకపోలేదు. 2024లో తీ క్వే వండే రోజు పొద్దున్నే నేను బయట చేరాను. చెప్తే ఆ పన్నెండు గంటలూ ఎవరు నిలబడతారు? మేడమ్‌కి ఆఫీసు. నోరు మూసుకుని చెంచా చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ ఏడాది వచ్చినంత నున్నగా ఎప్పుడూ రాలేదు.

ఇంకొకటి. ఆమాకి షుగర్. తీ క్వే ఆవిడకి ముక్క కూడా పెట్టొద్దని సార్ ఆర్డరు. వారం రోజుల్లో అది గట్టిపడుతుంది. అప్పుడు నూనె రాసిన కత్తితో బిళ్ళలు కోసి, అటొక పెద్ద చేమదుంప ముక్క, ఇటొక చిలగడదుంప ముక్క పెట్టి, బజ్జీల్లా పిండిలో ముంచి వేయిస్తాం. పైన కరకర, లోపల సాగుతుంది. వేగే వాసనకి స్టోర్ రూంలో నా పక్క కూడా పండగలా ఉంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెయ్యకుండా ఆమా వస్తుంది. నేను లేచి, పంటికి, గొంతుకి అడ్డం పడకుండా గోరంత ముక్కలు చేసి ఒక్కొక్కటీ చేతిలో పెడతాను. నాలుగు. ఐదోది అడుగుతుంది, ఇవ్వను. ఇద్దరం మాట్లాడుకోం.

మూడో ఏడు, 2025, ఆమా కుడిచెయ్యి పడిపోయింది. చక్రాల కుర్చీ తలుపు దగ్గరికి తోసి ఉంచితే అక్కణ్ణించే కళ్ళతో వండించింది. ఒకసారి చెంచా ఆగింది. నాకంటే ముందు ఆవిడ గడ్డం ఎత్తింది. పన్నెండు డబ్బాలు దించాను. మేడమ్ ఫోటోలు తీసి 'అమ్మ చేసిన తీ క్వే' అని చుట్టాలందరికీ పంపింది. డబ్బాలు పట్టుకుని ఫోటోలో ఉన్న చేతులు నావే. గాజులు కనిపిస్తున్నాయి.

మర్నాడు పొద్దున్న దేవుడికి పుయ్యాల్సింది ఆమానే, చెయ్యి లేవలేదు. నా వైపు చూసి "గర్ల్, యూ" అంది. స్నానం చేసొచ్చి, వేలితో కొంచెం తీసి, ఎర్ర కాగితం మీద ఆయన నోటికి రాశాను. ఒకసారి చూసుకుని, నా కోసం ఇంకొంచెం ఒత్తుగా రాశాను. దిగబోతుంటే వెనక నుంచి ఆమా ఎడం చేత్తో కుర్చీ మీద తట్టింది. తిరిగి చూస్తే ఒక వేలు చూపిస్తోంది.

మళ్ళీ స్టూలెక్కాను. ఆవిడ కోసం ఇంకోసారి రాశాను.