వంద డాలర్లతో ఏ పోకర్ టేబుల్ దగ్గర కూర్చోవాలి?

ఆన్‌లైన్‌లో పోకర్ నేర్చుకోవడానికి 100 డాలర్లు పక్కన పెట్టుకున్నవాళ్ళు ఎలా ఆడాలి అని అడిగే ముందు ఏ ఆట ఆడాలి అన్నది తేల్చుకోవాలి. ఒక మోస్తరు ఆటగాడు సరైన టేబుల్ దగ్గర నిలబడతాడు. మంచి ఆటగాడైనా తప్పు ఆట ఎంచుకుంటే వారంలో ఖాళీ అవుతాడు.

చట్టం సంగతి ముందే చెప్పాలి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా దేశమంతటికీ ఆ నిషేధాన్ని వర్తింపజేసింది. కాబట్టి ఇదంతా చట్టం ఒప్పుకున్నచోట ఉన్నవాళ్ళ కోసం. 2013 నుంచి అనుమతి ఉన్న న్యూజెర్సీనే తీసుకుందాం. అక్కడ 21 ఏళ్ళు నిండి ఉండాలి, ఆడే సమయానికి మనిషి ఆ రాష్ట్రంలోనే ఉండాలి. జెర్సీ సిటీలో ఉండేవాళ్ళు హడ్సన్ నది దాటి న్యూయార్క్ రాష్ట్రంలోని మన్‌హాటన్‌లో ఆఫీసుకెళ్ళి అదే యాప్ తెరిస్తే టేబుల్ ఇవ్వదు. ఉన్న చోటును దాచే వీపీఎన్‌తో దాటేద్దామనుకుంటే ఖాతా, అందులోని డబ్బు రెండూ చిక్కుల్లో పడతాయి.

ఇక లెక్క. చేతిలో రెండు ముక్కలతో, ఎంతైనా పందెం కాయగలిగే పోకర్‌ను నో లిమిట్ హోల్డెమ్ అంటారు. ముక్కలు పంచేముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్. 1/2 సెంట్ల ఆటలో అవి 1, 2 సెంట్లు. అక్కడ పూర్తి బై-ఇన్ (టేబుల్ దగ్గరికి తెచ్చుకునే మొత్తం) 100 బిగ్ బ్లైండ్లు, అంటే 2 డాలర్లే. 100 డాలర్లకు 50 బై-ఇన్‌లు వస్తాయి. ఒక్క మెట్టు పైనున్న 2/5 సెంట్లకు వెళ్తే 20 మిగులుతాయి. బాగా ఆడేవాళ్ళకు కూడా వరసగా ఐదారు బై-ఇన్‌లు పోవడం మామూలే, పది పోయే రోజులూ వస్తాయి. కొత్తవాళ్ళకు 20 చాలవు. 1/2 సెంట్లే మీ ఆట.

అదే డబ్బుతో 1 డాలర్ టోర్నమెంట్లు ఆడితే ఏమవుతుందో చూడండి. పెద్ద టోర్నమెంట్లలో బహుమతి దక్కేది సుమారు 15 శాతం మందికే. అందులోనూ ఎక్కువ మందికి వచ్చేది పెట్టినదానికి కొద్ది రెట్లే. అసలు డబ్బంతా చివరి టేబుల్ దగ్గర ఉంటుంది. వరసగా 20 ఆటలు ఒట్టి చేతులతో బయటికి రావడం వింతేమీ కాదు. వీటికి 200 బై-ఇన్‌లైనా ఉండాలి. టోర్నమెంట్ మీద మనసుంటే 9 మంది సిట్ అండ్ గో (9 మంది చేరగానే మొదలయ్యే ఒకే టేబుల్ టోర్నమెంట్) నయం. 1 డాలర్ 10 సెంట్లు కడితే 9 డాలర్ల మొత్తం ముగ్గురికి 4.50, 2.70, 1.80 చొప్పున పంచుతారు. ఆ 10 సెంట్లు సైట్ ఫీజు. ఫ్రీరోల్స్ అనే టోర్నమెంట్లు ఎలాగూ ఉచితమే.

ముగ్గురు ఆడే జాక్‌పాట్ ఆటల జోలికి మాత్రం వెళ్ళకండి. కట్టినదానికి బహుమతి ఎన్ని రెట్లో తేల్చే చక్రం తిరిగి పెద్ద అంకె చూపిస్తుంది, కానీ ఎక్కువసార్లు ఆగేది రెండు రెట్ల దగ్గరే. ముగ్గురూ తలా డాలర్ వేసి 2 డాలర్ల కోసం కొట్టుకోవడమన్నమాట. ఒమాహా అనే పోకర్ రకం కూడా ఇప్పుడు వద్దు. నాలుగు ముక్కలు చేతిలో ఉండటంతో గెలుపు అవకాశాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, డబ్బు ఎగిసిపడుతుంది.

క్యాష్ టేబుళ్ళలోనూ (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడేవాటిలోనూ) తేడాలున్నాయి. 9 సీట్లలో ఒక చుట్టు, అంటే 9 చేతులు (ముక్కలు పంచి ఆడే 9 ఆటలు), తిరిగేసరికి బ్లైండ్ల ఖర్చు ఒకటిన్నర బిగ్ బ్లైండ్లు. 6 సీట్లలో అదే ఖర్చు 6 చేతులకే పడుతుంది. రమ్మీ నుంచి వచ్చినవాళ్ళు ఇది గమనించాలి. అక్కడ మొదటి డ్రాప్‌కే 20 పాయింట్లు. ఇక్కడ బ్లైండ్లలో లేనప్పుడు ఫోల్డ్‌కు (ముక్కలు వదిలేయడానికి) పైసా ఖర్చు లేదు. అందుకే మొదట 9 సీట్ల టేబుల్, అది నడవకపోతే 6. ఒకేసారి రెండు టేబుళ్ళకు మించొద్దు. ఫోల్డ్ చేయగానే కొత్త టేబుల్‌కు మార్చేసే వేగపు ఆటల్లో ఎదుటివాళ్ళను ఎంచుకునే వీలే ఉండదు, వద్దు.

పాట్ (పందేలన్నీ కలిసిన మొత్తం) నుంచి సైట్ తీసుకునే వాటాను రేక్ అంటారు. అది సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది. 1 డాలర్ పాట్‌లో 5 సెంట్లు, అంటే రెండున్నర బిగ్ బ్లైండ్లు పోతాయి. గరిష్ఠ పరిమితి ఉన్నా ఇంత చిన్న పాట్లు అక్కడిదాకా చేరవు. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకపోతే చాలా సైట్లు రేక్ తీసుకోవు. ఊరికే కాల్ చేయకుండా (ఉన్న పందేనికి సమానంగా వేయకుండా) రైజ్ చేసి (పందెం పెంచి) లోపలికి రమ్మనడానికి ఇదీ ఒక కారణం.

బలహీనంగా ఆడేవాళ్ళున్న టేబుల్ ఎంచుకోవడానికి ఒక పావుగంట కేటాయించండి. లాబీలో (టేబుళ్ళ జాబితా ఉండే తెరలో) ఫ్లాప్ చూసేవాళ్ళ శాతం కనిపిస్తే 6 సీట్లలో 30కి పైన ఉన్నది వెతకండి. కనిపించకపోతే సీటు తీసుకోకుండా కాసేపు ఆట గమనించండి. రైజ్ లేకుండా నలుగురైదుగురు లోపలికి వస్తున్నారా? 37, 52 బిగ్ బ్లైండ్ల లాంటి అరకొర చిప్పులతో ఎవరైనా ఉన్నారా? చిప్పులు తగ్గగానే నింపుకోనివాళ్ళు సరదాకు వచ్చినవాళ్ళని అనుకోవచ్చు. ప్రతి చేతిలో దూరే మనిషి మీకు కుడిపక్క ఉండేలా సీటు తీసుకోండి, అతని తర్వాత మీ వంతు వస్తుంది. అతను లేచిపోతే మీరూ లేవండి.

ఖాతా 200 డాలర్లకు చేరితే 2/5 సెంట్లు చూడొచ్చు. 150కి పడిపోతే వెనక్కి రండి. 1/2 కింద ఇంకో మెట్టు లేదు కనుక డిపాజిట్ పరిమితిని మొదటి రోజే పెట్టుకోండి. న్యూజెర్సీలో ఆ పరిమితిని తగ్గిస్తే వెంటనే అమలవుతుంది. పెంచాలంటే పాత గడువు ముగిసేదాకా ఆగాలి.