పది నంబరు స్పానర్

మొన్న సెలవులకి విశాఖ వెళ్ళినప్పుడు మా అమ్మాయికి నాన్న చేత నాలుగు వేమన పద్యాలు నేర్పించాలనుకున్నాను. ఆయన కారు బ్యాటరీ విప్పడం నేర్పారు.

గాజువాకలో మా ఇంటి ముందు ఆ మారుతి 800 ఇంకా ఉంది. కొన్నరోజు ఆసీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన బండి. కంపెనీ 2014లో ఆ మోడల్ తయారీ ఆపేసింది. నాన్న ఆపలేదు.

భీమిలి వెళ్దామని తాళం తిప్పితే టిక్ టిక్‌మని ఊరుకుంది. నేను అలవాటుగా ఫోన్ తీశాను. నాన్న బానెట్ ఎత్తి, "ఏటే గుంటా, ఇలా రా" అని మనవరాలిని కేకేశారు. డాలస్‌లో పుట్టిన పన్నెండేళ్ళ పిల్ల. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకం.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా బూజులాంటిది పట్టింది. సముద్రం గాలికా అని అడిగింది. "కాదమ్మా, అది లోపలి యాసిడ్ ఆవిరి పని. సముద్రం చేసింది ఇదిగో" అని తలుపు అంచు కింద తుప్పు చూపించారు. అందుకే బీచ్ రోడ్డుకి వెళ్ళొచ్చినప్పుడల్లా బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడుగుతారట.

పది నంబరు స్పానర్ దాని చేతికిచ్చారు. విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. ఎందుకట? కారు బాడీ అంతా మైనస్‌కి కలిపి ఉంటుంది. మైనస్ విప్పకుండా ప్లస్ మీద చెయ్యి వేస్తే, స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. ఇద్దరూ రబ్బరు గ్లౌజులు వేసుకున్నారు. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. పిల్ల కేరింతలు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక వ్యాసలీన్ పూసి బిగించారు. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది.

"తాతా, మళ్ళీ చేద్దామా?" అంది. తెలుగులోనే.

సంతోషించాల్సిందే. నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది. నా చిన్నప్పుడు ఆయన స్కూటర్ విప్పి కూర్చుంటే తమ్ముణ్ణి పిలిచేవారు, నన్ను టీ తెమ్మనేవారు. ఆ సాయంత్రం అడిగేశాను. "నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా" అన్నారు. నిజమే, అడగలేదు. అయినా తమ్ముడు మాత్రం అడిగాడా?

తర్వాత రోజుల్లో వాళ్ళిద్దరికీ పొద్దున్నే అదే పని. టైర్లు వేడెక్కకముందే గాలి చూడటం, చల్లటి ఇంజన్‌లో డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి లాగి ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూడటం. వేడి మీదున్న రేడియేటర్ మూత జోలికి పోవద్దని దానితో రోజూ చెప్పించుకునేవారు.

డాలస్ వచ్చాక మొదటి ఆదివారం మా కారు బానెట్ ఎత్తమంది. ఎక్కడ లాగాలో వెతుక్కోవడానికే నాకు పది నిమిషాలు పట్టింది. లోపల అంతా నల్లటి ప్లాస్టిక్ మూతే. "అమ్మా, ఇందులో ఏమీ కనబడట్లేదు" అంటూనే పసుపు పిడి పట్టుకుని లాగింది. తుడిచింది, పెట్టింది, మళ్ళీ లాగి నా ముఖం ముందు పెట్టింది.

ఆయిల్ కింది గీతకి కూడా అందలేదు.